చేతికి అబ్బిన విద్య



ఈ పూట నేను మీతో ముచ్చటింపదలచిన విషయం బ్రతుకుతెరువు. వేసవిలో పరీక్షల ఫలితాలు వెలువడిన మరునాటినుండి మన ఇండ్లలో నలుగురు కూడినచోటనెల్ల వినవచ్చే ప్రశ్నలు మూడే. పిల్లవాడిని ఏ చదువులో చేర్పించవలె? ఆ చదువుకు ఏ ఉద్యోగం వస్తుంది? జీతం ఎంత ఇస్తారు? ఇవి న్యాయమైన ప్రశ్నలే. సంసారభారం మోసే తల్లిదండ్రులు అడుగక మరి ఎవరు అడుగుతారు? ఐతే వీటి సరసన నిలువవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది, అది మాత్రం మన నోట రావటం లేదు. ఈ పనిలో వీడి చేతికి అబ్బేది ఏమిటి? రేపు ఈ ఉద్యోగం పోయినా, ఈ దుకాణం మూతపడినా, ఈ యంత్రం మూలకు చేరినా, వీడి వెంట నడిచివచ్చే విద్య ఏది?

ఈ ఒక్క ప్రశ్నను మీ ముందు పెట్టటమే నా పని. దీనికి నిదర్శనాలు వెదకుటకై దేశాంతరాలు పోనక్కరలేదు. హైదరాబాదు నగరంలో నాంపల్లి రైలు స్టేషను మొదలుకొని అబిడ్స్ కూడలివరకు, తీరికగా నడిచినా అరగంట పట్టని ఆ దారిలోనే, బ్రతుకుతెరువులు పుట్టటమూ, మారటమూ, మాయమవటమూ, మరల వేరొక రూపంలో మొలకెత్తటమూ నూరేండ్లకు పైగా జరుగుతూ ఉన్నవి.

మీరు ఇప్పుడు వింటూ ఉన్న ఈ రేడియోతోనే మొదలుపెడతాను. అబిడ్స్‌కు ఆనుకొని చిరాగ్ అలీ సందు ఉన్నది. 1933 ప్రాంతంలో ఆ సందులో, తంతి తపాలా శాఖ ఉద్యోగియైన మహబూబ్ అలీ, 200 వాట్ల శక్తి గల చిన్న ప్రసార యంత్రంతో సొంత రేడియో కేంద్రం ఒకటి నడిపినాడు. 1935 ఫిబ్రవరి 3 నుండి నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో ప్రసారాలు ఆరంభమైనవి. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో చేరిపోయినది. తంతి తపాలా శాఖవారి పని ఏమిటి? ఒకచోటి మాటను మరొకచోటికి చేర్చటం. ఆ శాఖలోని మనిషికే మాటను తీగె లేకుండా ఊరంతటికీ వినిపింపవలెనన్న తలపు కలగటంలో నాకు ఆశ్చర్యం లేదు. అతడు చేసిన కొలువునకును, అతడు తలపెట్టిన కొత్త పనికిని మధ్య ఉన్న దూరం మనం అనుకొన్నంత పెద్దది కాదు.

అబిడ్స్ అన్న పేరు వచ్చినది కూడ ఇటువంటి మనిషివల్లనే. ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియా జాతీయుడు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉండి, ప్రభువు ధరించే వస్త్రాలను కనిపెట్టుకొని ఉండేవాడు. ఆ ప్రభువునకు ఉడుపులపై గల మక్కువ నేటికీ నగరంలో కథలుగా చెప్పుకుంటారు. ఏ బట్ట ఏ దేశంలో నేస్తారు, ఏ కుట్టు ఎంతకాలం నిలుస్తుంది, గొప్పవారి కంటికి ఏది ఆనుతుంది అనే జ్ఞానం, ఆ వస్త్రాల గదిలో ప్రతిదినమూ నిలుచున్న మనిషికి అబ్బక ఎవరికి అబ్బుతుంది? ఆ జ్ఞానంతో అతడు ఇక్కడ దుకాణం తెరిచినాడు. ఆ దుకాణం నేడు లేదు, అతని వంశంవారు ఇక్కడ లేరు, ఐనను ఆటోవానికి ‘అబిడ్స్’ అన్న ఒక్క మాట చాలు.

ఇవి పాత సంగతులు, గొప్పవారి నీడన జరిగినవి అని మీరు అనవచ్చును. కావున సామాన్యుల వద్దకు వస్తాను.

నాంపల్లి క్రిమినల్ కోర్టుల పరిసరం మీలో పలువురు ఎరిగినదే. నల్లకోటు వకీళ్ళు, జామీను కొరకు పరుగులు తీసే బంధువులు, స్టాంపు కాగితాలు అమ్మేవారు, నోటరీలు, జిరాక్సు యంత్రాలవారు, వీరి మధ్య వెనుకటి కాలంలో చెట్టు నీడను చిన్న బల్ల వేసుకొని, దానిపై టైపు మిషను పెట్టుకొని కూర్చున్నవారు వరుసగా ఉండేవారు. ఆ టకటక ధ్వని ఆ వీధికి గుర్తు. అబిడ్స్‌లోను, కోఠిలోను, నాంపల్లిలోను టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్లు ఎన్నో ఉండేవి. పదవ తరగతి ముగిసిన పిల్లలు తెల్లవారుజామునే పోయి, తమకు కేటాయించిన గంటసేపు మిషనుముందు కూర్చొని, లోయరు, హయ్యరు పరీక్షలకు వేళ్ళు సాధన చేసేవారు. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చిన పిమ్మట తెలుగు టైపు తెలిసినవారికి కూడ కచ్చేరీలలో గిరాకి కలిగినది. ఎన్నో ఇండ్లు ఆ మిషను మీద నిలిచినవి. ఎందరో చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఆ రిబ్బను సిరాతో జరిగినవి.

తరువాత కంప్యూటరు వచ్చినది. 2009లో గోద్రెజ్ కంపెనీ టైపు మిషన్ల తయారీనే మానుకొన్నది. మరి ఆ బల్లల వద్ద కూర్చున్నవారు ఏమైనారు? ఇక్కడ శ్రోతలు కొంచెం శ్రద్ధగా వినవలెనని ప్రార్థన.

ఆ వరుసలో రెండు తెగల మనుషులు ఉండేవారు. మొదటి తెగవాడు ఎదుట పెట్టిన కాగితాన్ని చూచి తప్పు లేకుండా, వేగంగా కొట్టేవాడు. అంతటితో అతని పని సరి. రెండవ తెగవాడూ అంతే వేగంగా కొట్టేవాడు, ఐతే కొడుతూ కొడుతూ ఆ కాగితాన్ని చదివేవాడు. అఫిడవిట్‌లో ప్రమాణం చేసేవాని పేరు, తండ్రి పేరు, వయస్సు, నివాసం ఏ క్రమంలో రావలె. కిరాయి ఒప్పందంలో ఏ షరతు మరచిపోతే రేపు ఇంటివానికి, అద్దెకున్నవానికి తగవు వస్తుంది. అమ్మకపు దస్తావేజులో నాలుగు హద్దులు ఎట్లు చెప్పవలె. ఏ మాట తప్పిపోతే కాగితాన్ని కచ్చేరీలో త్రిప్పి పంపుతారు, ఇవన్నియు అతని మనస్సులో కుదురుకొన్నవి. వేళ్ళు అక్షరాలను కొట్టినవి, బుద్ధి దస్తావేజును పట్టినది.

మిషను పోయిననాడు మొదటివాని చేతిలో ఏమీ మిగలలేదు. రెండవవాడు మిషనుకు బదులు కంప్యూటరు కొన్నాడు. కొన్ని నెలలు తడబడినాడు. తరువాత అదే వీధిలో, అదే బల్ల వద్ద, ప్రింటరు పెట్టుకొని కూర్చున్నాడు. తెలుగు టైపు నేర్చినవారు అనూ అనే కంప్యూటరు అక్షరాలను పట్టుకొని డి.టి.పి. పనిలోకి పోయినారు; పెండ్లి శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు కూర్చినారు. పల్లెనుండి వచ్చిన రైతు తన సంగతి చిక్కుపడిన దారంవలె చెప్పుతూ ఉంటే, ‘ఆగు తాతా, భూమి ఎవరి పేర ఉన్నది? పాసు పుస్తకం తెచ్చినావా?’ అని నాలుగు ప్రశ్నలు అడిగి, చిక్కు విప్పి, కాగితంలో పెట్టగలిగే మనిషికి నేటికీ ఆ వీధిలో పని దొరుకుతూనే ఉన్నది. ఇద్దరూ ఒకే ఇన్‌స్టిట్యూటులో చదివినారు. ఇద్దరికీ పుటకు ఒకే వెల ముట్టినది. భేదమంతా చేతికి అబ్బినదానిలో ఉన్నది.

మన పల్లెలలో పాత ఇల్లు విప్పినప్పుడు, పెంకులు పగిలినా, గోడమట్టి పొలానికి పోయినా, టేకు దూలాన్ని మాత్రం పదిమంది కలిసి పదిలంగా దించి, కొత్త ఇంటికి ఎత్తుతారు. తాత వేయించిన దూలం మనుమని ఇంట మరొక నూరేండ్లు బరువు మోస్తుంది. ప్రతి ఉద్యోగంలోను పెంకులవంటి భాగం ఒకటి, దూలంవంటి భాగం ఒకటి ఉంటవి. మనం చేస్తూ ఉన్న పనిలో దూలం ఏదో పని జరుగుతూ ఉండగానే గుర్తుపట్టవలె. ఇల్లు కూలినతరువాత వెదకితే కనబడటం కష్టం.

ఇదే వీధులలో కాతిబులు ఉండేవారు. ఉర్దూ పత్రికల లిథో ముద్రణ కొరకు పుటలకు పుటలు చేతితో వ్రాసే లేఖకులు వారు. అబిడ్స్‌లో కార్యాలయం గల ‘సియాసత్’ దినపత్రిక 1949 ఆగస్టు 15న పుట్టినది. నస్తాలీఖ్ లిపి వంపులను యంత్రం పట్టలేదన్న నమ్మకంతో ఉర్దూ పత్రికలు దశాబ్దాలపాటు కాతిబుల కలాలమీదనే నడిచినవి. తరువాత ఆ లిపి కూడ కంప్యూటరులోకి వచ్చినది. కొలువులు పోయినవి. వారిలో కొందరు ఛత్తా బజారులో శుభలేఖల అచ్చుకు అక్షరాలు వ్రాసినారు, కొందరు గోడకు తగిలించే చిత్రాలుగా అక్షరాలను మలచినారు, మరికొందరు పిల్లలకు దస్తూరి నేర్పినారు. అందరికీ ఈ దారులు దొరకలేదు. వార్తకు వ్రాసే అక్షరాన్ని చిత్రానికి వ్రాయగలిగినవానికే దొరికినవి. వారి కష్టాన్ని నేను తక్కువగా చెప్పటం లేదు. నలుబది ఏండ్లు కూర్చున్న పీట క్రిందనుండి లాగివేయబడితే, ఎంత విద్య ఉన్నవానికైనా గుండె అదురుతుంది.

ఇక ఆదివారం ఉదయం అబిడ్స్‌కు రండి. మిగిలిన ఆరు దినాలు కిటకిటలాడే వస్త్రాల దుకాణాలు మూసి ఉంటవి. ఆ మూసిన తలుపుల ముందు, బాటకు ఇరువైపులా, పాత పుస్తకాలు పరచి ఉంటవి. ఇంజనీరింగు గ్రంథాలు, ఇంగ్లీషు నవలలు, పోటీపరీక్షల పుస్తకాలు, పాత చందమామలు, అదృష్టం ఉన్ననాడు భారతి సంచికలు కూడ ఆ కుప్పలలో దొరుకుతవి. నగరంలో చదువుకొన్నవారిలో ఆ కాలిబాటపై మోకాళ్ళమీద కూర్చొని వెదకనివారు తక్కువ.

ఆ పుస్తకాలు అమ్మేవారి పని ఎట్లు జరుగుతుందో మీరు ఎప్పుడైన గమనించినారా? పెద్దలు గతించిన ఇంటినుండి, ఊరు మారేవారి ఇంటినుండి, రద్దీ కాగితాలు కొనే దుకాణాలనుండి పుస్తకాలు వీరికి చేరుతవి. తూకం లెక్కన కొంటారు, పుస్తకం లెక్కన అమ్ముతారు. తూకానికీ పుస్తకానికీ నడుమ ఉన్న లాభమంతా వారి తెలివికి దక్కిన కూలి. నూరు పుస్తకాల మూటలో ఏ మూడు పుస్తకాలు మూటంతటి ఖరీదు తెస్తవో చూడగానే చెప్పగలగవలె. పాఠ్యక్రమం మారినది కనుక ఏ సంవత్సరపు ముద్రణ ఇక చెల్లదో తెలిసి ఉండవలె. కాలేజీలు తెరిచే నెలలో ఏది ముందు వరుసలో పెట్టవలె, ఉద్యోగ ప్రకటన వెలువడిన వారంలో ఏది పైకి తీయవలె, ఎవడు బేరం ఆడటానికి వచ్చినాడు, ఎవడు ఆ పుస్తకం లేక నిద్రపోలేక వచ్చినాడు, ఇవన్నియు గ్రహించవలె. వారిలో చాలమందికి పెద్ద చదువు లేదు. ఐనను గ్రంథకర్త పేరు చెప్పితే అట్ట రంగు చెప్పగలరు.

ఈ విద్య వారికి ఎక్కడ అబ్బినది? రద్దీ కాగితం ఏరే పనిలో. చిత్తుకాగితాన్ని తెల్లది, అచ్చుది, అట్టది అని వేరుచేసే కుర్రవాడు, అందరితోబాటు ఏరుతూనే, పుస్తకాన్ని మాత్రం ఒక ప్రక్కకు పెట్టి, ఇది ఎవరు కొంటారు అని ఆలోచించిననాడు అతడు కూలివాడుగా ఉండటం మాని వర్తకుడు కావటం ఆరంభించినాడు. పని మారలేదు, జీతం పెరగలేదు, యజమాని అదే యజమాని. అతని చూపు మారినది. ఈనాడు పాత పుస్తకాలు ఫోనులోను, కంప్యూటరులోను కూడ అమ్ముడుపోతూ ఉన్నవి. ఆ వ్యాపారానికీ అతని విద్యయే కావలసి వస్తుంది, ఏలయనగా మంచి పుస్తకాన్ని కుప్పలోనుండి ఏరి తీయటం ఏ యంత్రమూ అతనికి చేసిపెట్టదు.

మొజంజాహీ మార్కెట్టు 1935లో కట్టినది. దాని ఎదుట 1953లో, దేశవిభజన కాలంలో సింధునుండి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ తెరచిన కరాచీ బేకరీ నేడు ఊరూరా ఎరిగిన పేరు. ఇల్లూ వాకిలీ అక్కడే ఉండిపోయినవి. వర్తకం చేసే నేర్పు మాత్రం సరిహద్దు దాటి వచ్చినది. నాంపల్లికి ప్రక్కనే రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ కేఫు యజమాని బాబూరావు కూడ ఆదిలాబాదు ప్రాంతంనుండి చిన్నవాడుగా వచ్చి, హోటళ్ళలో ఊడ్చి తుడిచే పనినుండి వంటయింటికి, వంటయింటినుండి యజమాని స్థానానికి ఎదిగినవాడు. ఊడ్చే పనిలో చేతికి అబ్బేది ఏమి ఉంటుంది అని అడగకండి. చీపురు పట్టినవాడికి వంటయిల్లు కనబడుతుంది, గల్లాపెట్టె కనబడుతుంది, ఏ వేళకు ఎవరు వస్తారో కనబడుతుంది. చూడనిచ్చే యజమాని దొరకటమూ, చూడవలెనన్న తపన ఉండటమూ రెండూ కలిసిరావలె.

ఇక్కడ దర్జీ దుకాణపు ఉదాహరణ ఒకటి చెప్పక తప్పదు. మీలో ప్రతివారూ వెంటనే పోల్చుకోగలిగినది అది. ప్రతి దర్జీ దుకాణంలోను కొలతలు తీసి గుడ్డ కత్తిరించే మాస్టరు ఒకడు ఉంటాడు. కత్తిరించిన ముక్కలను కుట్టే కారీగర్లు నలుగురు ఉంటారు. కారీగరుకు కుట్టిన బట్టకు ఇంత అని కూలి. వాని కుట్టు మాస్టరు కుట్టుకంటె చక్కగా ఉండవచ్చును. అయినా, దుకాణం మూతపడిననాడు మాస్టరు మరొక వీధిలో బోర్డు కట్టగలడు, కారీగరు మరొక మాస్టరును వెదకుకోవలె. కొలత నుండి కత్తిరింపుదాకా ఉన్న విద్య మాస్టరుది. కుట్టు నేర్పమని అడిగే మన ఆడపిల్లలకు, కుర్రవారికి నేను చెప్పేది ఇదే: కుట్టు నేర్వండి, దానితోబాటు కత్తెర పట్టటం నేర్పమని పట్టుబట్టండి.

నాంపల్లి అనగానే నుమాయిష్ జ్ఞాపకం రాక మానదు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు కొందరు, దేశీయ వస్తువులకు ప్రోత్సాహం కలిగించవలెనని పబ్లిక్ గార్డెన్సులో దీనిని చిన్న ప్రదర్శనగా ఆరంభించినారు. 1946లో అది ఇప్పటి మైదానానికి మారినది. జనవరి 1 మొదలు సుమారు నెలన్నర పాటు కాశ్మీరు శాలువలవారు, లక్నో చికన్ పనివారు, ఊరగాయలవారు, చేనేతవారు అక్కడ దిగుతారు. దాని ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీవారు విద్యాలయాలు నడుపుతున్నారు. ఆ మైదానంలోనే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం ఉన్నది, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఉన్నది. సంవత్సరానికి నెలన్నర మాత్రమే సాగే అంగడి, ఏడాది పొడుగునా వేలమంది ఆడపిల్లల చదువును మోస్తూ ఉన్నది. ఇంతకంటె సార్థకమైన వర్తకాన్ని ఈ నగరంలో నేను చూడలేదు.

వనితా విద్యాలయానికి పేరు ఇచ్చిన సరోజినీదేవి ఇల్లు, ‘గోల్డెన్ థ్రెషోల్డ్’, నాంపల్లి స్టేషను రోడ్డుపైననే ఉన్నది. కవయిత్రిగా పేరు పొందిన ఆమె 1925లో కాంగ్రెసు అధ్యక్షురాలై, 1947లో సంయుక్త రాష్ట్రాల గవర్నరైనది. మాటను తూచి వాడటం కవిత్వంలో అలవడినది, సభలో అక్కరకు వచ్చినది. ఆ ఇంటనే 1974 అక్టోబరు 2న హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆరంభమైనది.

చేతికి అబ్బే విద్య ఎల్లప్పుడూ జీతం వచ్చే పనిలోనే దొరకదు. ఈ మాట చెప్పటానికి అబిడ్స్‌లోని రామకృష్ణ థియేటర్లను తలచుకోవలె. వాటిని కట్టించిన నందమూరి తారక రామారావు చిన్ననాట విజయవాడలో హోటళ్ళకు పాలు పోసినాడు. 1947లో మద్రాసు సర్వీసు కమిషను పరీక్ష నెగ్గి సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం సంపాదించినాడు. ఆనాటి కుటుంబానికి అది ఎంతటి పదవి! కొన్ని వారాలకే దానిని వదలి మద్రాసు పోయినాడు. 1949లో ‘మనదేశం’ చిత్రంలో తెరపై కనబడినాడు. 1983లో ముఖ్యమంత్రి అయినాడు. ఉద్యోగం వదలటం గొప్ప అని నేను అనటం లేదు. వదలేనాటికి ఆయన చేతిలో ఏమి ఉన్నదో చూడమంటాను. విజయవాడ కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణగారి వద్ద చదివే దినాలలోనే ఆయన నాటకాలలో వేషం కట్టినాడు. గుంటూరులో చదువుతూ నాటకసమాజం నడిపినాడు. విద్య ముందు అబ్బినది, ఉద్యోగం తరువాత వదలినాడు. మన పిల్లలు సాధారణంగా ఈ వరుసను తలక్రిందులు చేస్తారు. వారికి ఈ వరుస చెప్పటం పెద్దల పని.

ఇంకొక నెమ్మదైన దారి కూడ ఉన్నది. మాడపాటి హనుమంతరావుగారు గుమాస్తాగా ఉద్యోగం ఆరంభించినారు, హైదరాబాదు వచ్చి ప్రభుత్వంలో అనువాదకులుగా పనిచేసినారు, తరువాత వకీలైనారు. తెలుగువారి సంఘాలను నడిపినారు. 1928లో బాలికలకు తెలుగులో చదువు చెప్పే పాఠశాలను నారాయణగూడలో స్థాపించినారు. 1951లో నగరానికి మేయరైనారు. కోర్టు భాష ఉర్దూగా ఉండిన రాజ్యంలో, చట్టాలను ఒక భాషనుండి మరొక భాషకు మార్చే పనివలన అబ్బిన పట్టు వకీలుకు ఎంతటి బలం! ఆ బలంతో ఆయన సర్కారుకు తెలుగువారి విన్నపాలను సర్కారువారి భాషలోనే వినిపింపగలిగినారు. ఏ మెట్టునూ ఆయన వృథాగా దాటలేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ ఒడ్డు చేరినవారి కథలు. చేరనివారిని మరచిపోతే ఈ ప్రసంగం అబద్ధమవుతుంది. నాంపల్లి స్టేషను 1907లో వెలసినది. ఎర్రచొక్కా తొడిగి, భుజానికి ఇత్తడి బిళ్ళ కట్టుకొన్న కూలీలు తరతరాలుగా అక్కడ బరువులు మోసినారు. పెట్టెలకు చక్రాలు వచ్చినవి. ఎవరి పెట్టెను వారే లాగుకొనిపోతున్నారు. 2008 రైల్వే బడ్జెటులో లైసెన్సుగల పోర్టర్లను గ్యాంగ్‌మెన్‌గా తీసుకొంటామన్నారు. కొందరికి ఆ కొలువు దొరికినది, వయస్సు మీరినవారికి దొరకలేదు. తలపై రెండు పెట్టెలు, చంకలో ఒక సంచి పెట్టుకొని, జనప్రవాహంలో ఒక్కరినీ తాకకుండా నడవటం గొప్ప నేర్పే. ఐతే ఆ నేర్పును కొనే అంగడి మరొకటి లేదు. ఇది వారి తప్పు కాదు. ‘నీవు ముందే ఆలోచించుకోవలసినది’ అని వారితో అనే హక్కు మనకెవరికీ లేదు. చేతికి ఏమీ మిగల్చని పనిని జీవితమంతా చేయించుకొన్న సంఘం, ఆ మనిషి వయస్సు మళ్ళిననాడు అతనికి భోజనమూ, మందూ ఋణపడి ఉన్నది. ఈ మాటను నేను దాక్షిణ్యం కొరకు చెప్పటం లేదు, బాకీగా చెప్పుతున్నాను.

శ్రోతలారా, ఇక మీ ఇంటి సంగతికి వస్తాను. మీ అబ్బాయో, అమ్మాయో కొత్తగా పనిలో చేరితే, మొదటి నెల జీతం చేతిలో పెట్టిననాడు సంతోషించండి. దానితోబాటు ఒక్క ప్రశ్న అడగండి. ఈ నెల నీ చేతికి ఏమి అబ్బినది? మరుసటి నెల కూడ అదే అడగండి. ‘బిల్లు కొట్టటం వచ్చినది’ అంటే మంచిదే. ‘సరుకు ఎక్కడనుండి వస్తుందో తెలిసినది, ఎంతకు పడుతుందో తెలిసినది, ఏది నిలిచిపోతుందో తెలిసినది’ అంటే మరింత మంచిది. వరుసగా ఏడాదిపాటు ‘ఏమీ లేదు’ అనే సమాధానమే వస్తే, జీతం ఎంతయైనా సరే, ఆ పనిని గురించి ఇంటిల్లిపాదీ కూర్చొని ఆలోచించవలసిన వేళ వచ్చినదన్నమాట. తొందరపడి మానిపించమనను. అదే చోట మరొక బల్ల దగ్గరకు మార్చమని అడగవచ్చును. సాయంకాలం ఒక గంట వేరొకచోట నేర్వవచ్చును.

చివరగా, అబిడ్స్‌లోను, నాంపల్లిలోను, ఇతర ఊళ్ళలోను దుకాణాలు నడిపే యజమానులు ఎవరైన ఈ మాటలు వింటూ ఉంటే, వారికి నాదొక విన్నపం. మీ వద్ద గుడ్డలు మడిచే కుర్రవాడు ఉన్నాడు. గాజుపలకలు తుడిచే అమ్మాయి ఉన్నది. పదేండ్లుగా అదే మడత, అదే తుడుపు. వారంలో ఒక్క గంట వారిని లెక్కల పుస్తకం దగ్గర కూర్చోబెట్టండి. సరుకు కొనటానికి పోయేనాడు ఒకరిని వెంట తీసుకొని పొండి. దర్జీ మాస్టరులైతే పాత గుడ్డ మీద కత్తెర పట్టనివ్వండి. రేపు వాడు వెళ్ళి ఎదురుగా దుకాణం పెడతాడేమో అన్న భయం మీకు ఉండవచ్చును, పెట్టనివ్వండి. మీరూ ఒకనాడు ఎవరో ఒకరు నేర్పగా నేర్చినవారే. వాడు మీ దుకాణం వదలి పోయేనాడు, ఎన్నేండ్లు పనిచేసినాడు, ఏ ఏ పనులు చేయగలడు అని మీ సంతకంతో ఒక కాగితం వ్రాసి చేతికి ఇవ్వండి.